లోపలి గది

పదిహేడు మందిమి.
మీనలోచని కడుపులో ఉన్నదాన్ని కలిపితే పద్దెనిమిది.
కడుపులోదానికి టికెట్ అక్కర్లేదని ఏజెంటు చెప్పగానే
పెరంబూరు ఇల్లంతా చప్పట్లు కొట్టింది.
ఆరో నెల దాటితే తల్లినే ఎక్కనివ్వరన్నాక
చప్పట్లు ఆగాయి.
అంటే జూలై లోపలే. ధర దిగే వారం చూసుకుని.

పోయినేటి క్యాలెండర్లో ఆగస్టు కాగితం చించి
వెనకవైపు తెలుపు మీద లెక్క రాస్తున్నాను.
అవతలి పక్కనుంచి ఆదివారాలు ఎర్రగా
నా అంకెల్లోకి తొంగిచూస్తున్నాయి.

ఒక గదిలో నలుగురు సర్దుకుంటే
మూడో మనిషికీ నాలుగో మనిషికీ సగం ధర.
అందుకని మా ఇంట్లో ఇప్పుడు అందరూ
మూడో మనిషి, లేదంటే నాలుగో మనిషి.
మొదటి మనిషిగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు.
తులసీరాం బావ గురక పక్కన పడుకునేవాళ్ళకి
ఇంకో పది శాతం తగ్గుతుందా అని
చిన్నాడబిడ్డ ఏజెంటుని అడిగింది,
నవ్వకుండానే.

రేవు పన్ను వేరే.
టిప్పులు వేరే, తలకి రోజుకి ఇంత అని.
"ఇష్టపడి ఇచ్చేదాన్ని ముందే రాసుకుంటారా,
ఓడా అది, చదివింపుల పుస్తకమా?"
అత్తయ్య.

చీటీ పాడాను.
ముగ్గురు పోటీకొస్తే పన్నెండు వేలు వదులుకుని ఎత్తాను.
ఆ పన్నెండూ రాశాను, పెన్సిల్‌తో,
మా ఆయన కంటబడని మడతలో.

బయటి తిండి తేకూడదట.
ఉసిరికాయ పచ్చడి షాంపూ సీసాలో పొయ్యొచ్చా అన్న చర్చ
మంగళవారం రాత్రి పదకొండు దాకా నడిచింది.
ఎన్ని కడుగుళ్ళు కడిగినా సీసాలో మల్లెల వాసన పోలేదు.
పచ్చడి ఓడిపోయింది.

రేవు దాకా వ్యాను రెండువేల ఎనిమిదొందలు.
లోకల్లో బీచ్ స్టేషనుకి తలా ఐదు.
దీని మీద మాత్రం పోట్లాట లేదు.

ఇక మిగిలింది కిటికీ.

కిటికీ గదికి తలకి నాలుగు వేలు ఎక్కువ.
గదులు ఐదు. డబ్బు ఒక్క కిటికీకే ఉంది.
"గోడ చూస్తూ కూర్చోడానికి సముద్రం దాకా ఎందుకు,
పుళల్ జైలు దగ్గర్లోనే ఉందిగా?"
"పాపకి జ్వరమొస్తే గాలాడొద్దా?"
ఆ అద్దం తెరుచుకోదని నేను చెప్పలేదు.
చీట్లు వేద్దామన్నారు. వయసు లెక్కేద్దామన్నారు.
వయసనగానే అందరి తలలూ
ఎతిరాజులు మామ వైపు తిరిగాయి.

మామ ముప్పైయ్యొక్కేళ్ళు ఆ రేవులోనే గుమస్తా.
ఏ ఓడలోంచి ఎన్ని బస్తాలు దిగాయో
ఎన్ని చిరిగాయో ఎన్ని తడిశాయో
గొడుగు చంకలో పెట్టుకుని గీతలు గీసిన మనిషి.
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
కిటికీ ఆయనకే, ఇంకెవరికి?

మామ కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు.
"నాకు లోపలి గది రాయమ్మా.
అన్నిటికంటే కిందిది. ఇంజను చప్పుడు వినబడేది ఉంటే అది.
నీళ్ళు చూసీ చూసీ ఉన్నాను.
ఓడల్నీ చూశాను, ఏది ఎక్కడ తుప్పు పట్టిందో చెప్పగలను.
లోపల పడుకుంటే ఎట్టుంటుందో,
అదొక్కటే తెలీదు."

మామ వద్దన్న కిటికీని
అడిగే మొహం ఎవరికీ లేకపోయింది.

కొట్టేశాను.
నాలుగు తలలు, నాలుగేసి వేలు, పదహారు.
చీటీలో పోయిన పన్నెండు అందులో పూడిపోగా
ఇంకా నాలుగు వేలు.
వాటి కోసం రేపు పోట్లాడుకుంటాం.

దీపాలార్పే వేళకి చూస్తే
మామ నా కాగితం ముందేసుకుని
పేర్ల పక్కన గీతలు గీస్తున్నాడు.
మూడు కట్టలు. పైన రెండు.
పెన్సిల్ ఎత్తి, మీనలోచని పడుకున్న గది వంక చూసి
మళ్ళీ దించాడు.

సగం గీత.