పన్నెండు సెకన్లు

కరగందాలో మా స్టూడియో గోడలకి
కోడిగుడ్ల అట్టలు అతికించి ఉంటాయి.
వాటి మధ్య కూర్చుని ముప్పై ఏళ్లుగా
ఆకాశాన్ని అమ్ముతున్నాను.
గొంతు నాది. మాటలు ఎవరెవరివో.

మొదట రేడియో.
గర్వం గొంతులోంచి కాదు, పొట్టలోంచి రావాలనేవాడు
మా నిర్మాత ఝానిబెక్.
"రాకెట్ ఎవరిదైతే నీకెందుకు?
ఎగిరేది మన మట్టి మీంచి. అది తలుచుకో."
తలుచుకున్నాను.
పది నుంచి వెనక్కి లెక్కపెట్టేటప్పుడు
మూడు దగ్గర ఊపిరి బిగబట్టడం మాత్రం
ఎవరూ నేర్పలేదు, నా సొంత విద్య.
రొట్టెల దుకాణం ముందు క్యూ కూడా
ఆ మూడు దగ్గర కదలకుండా నిలబడేదట.

డాక్యుమెంటరీకి గర్వం పనికిరాదు.
అక్కడ గుసగుస కావాలి,
నిద్రపోతున్న పిల్ల పక్కన మాట్లాడినట్టు.
"అక్కడ ఎవరైనా మన కోసం ఎదురుచూస్తున్నారా?"
ప్రశ్న తర్వాత నాలుగు సెకన్లు వయొలిన్.
కాగితం అంచున పెన్సిల్‌తో రాసి ఉంటుంది:
ఇక్కడ కన్నీళ్లు.

పత్రికలకి నా గొంతుతో పనిలేదు.
నిపుణుల అంచనా ప్రకారం, అని మొదలుపెట్టి
ఒక అంకె వేస్తారు.
సున్నాలు లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది?
తల ఊపి, అదే కాగితంలో చేప చుట్టుకుని ఇంటికి పోతారు.

బ్యాంకు ప్రకటన ఒకటి గుర్తుంది.
ఏడేళ్ల పిల్లాడికి హెల్మెట్ తొడిగారు.
లైట్ల వేడికి లోపల ఉడికిపోయి ఏడ్చాడు వాడు.
కెమెరా ఆపలేదు.
గాజు వెనక ఆ చెమ్మ, తెర మీద
ఆశ్చర్యంలా మెరిసింది.
దాని మీద నేను తేనె పోసినట్టు చదివాను:
మీ కలకీ ఒక కక్ష్య ఉంది,
వాయిదాలు వచ్చే ఏడాది నుంచే.

ఇప్పుడు మనవరాలు ఐగానిమ్ ఫోన్‌లో
ఎవడో అరుస్తున్నాడు,
మనం కళ్లు మూసి తెరిచేలోగా
ఇంకెవరో చంద్రుడి మీద కంచె వేసేస్తారని.
అది బొటనవేలితో వాణ్ని పైకి తోసేసింది.
వాడి వెనకే పిల్లి వచ్చింది.

అయితే చెప్పాల్సింది ఇదంతా కాదు.

ఆ అక్టోబర్‌లో ఫ్యాక్స్‌లో ఒక కాగితం వచ్చింది.
రేపు తెల్లవారుజాము నాలుగు నుంచి ఆరు వరకు
మూడో మండలంలో మనుషులు, పశువులు ఉండరాదు.
పడిన లోహం తాకరాదు.
అంతే.
ఒక్క విశేషణం లేదు. వయొలిన్ లేదు.
"ఎలా చదవను?" అనడిగాను.
"ఎలాగోలా కానియ్," అన్నాడు ఝానిబెక్,
"వాతావరణానికీ గొర్రెల ధరలకీ మధ్య ఇరికించు."
పన్నెండు సెకన్లు పట్టింది.
చదివి, టీ తాగడానికి వెళ్లాను.

మా మేనమామ దోస్‌బోల్ గుర్రాలు
ఆ మండలంలోనే మేస్తున్నాయి.
మర్నాడు, సరిగ్గా మూడు దగ్గర
రేడియో ముందు ఊపిరి బిగబట్టాడట మామయ్య.
నేను సున్నా అన్నాక
గర్వంగా బయటికొచ్చి ఆకాశం చూశాడట.

ఆకాశం, ఇంటి పెద్ద పైపంత లావున,
గుర్రాల మధ్య పడింది.
సూడి గుర్రం ఒకటి ఇక లేవలేదు.
చుట్టూ గడ్డి మరుసటి ఏడు కూడా
పసుపుపచ్చగానే మొలిచింది.

నేను వెళ్లేసరికి ఆ రేకుని రెండుగా కోసి
గొర్రెలకి నీళ్లతొట్టి చేశాడు.
చేతులకి గుడ్డ చుట్టి ఉంది.
"హెచ్చరిక చదివాను కదా మామయ్యా, వినలేదా?"
"విన్నాను," అన్నాడు, గుడ్డ ముడి బిగించుకుంటూ.
"అది నువ్వనుకోలేదు.
నీ గొంతైతే నమ్మేవాణ్ని."

గొర్రెలు తొట్టి వాసన చూసి వెనక్కి తగ్గాయి.
వాటికి ఏ స్టేషనూ అందదు.

నెల తిరక్కుండా ఇంకో కాగితం వచ్చింది.
వాతావరణం అయిపోయింది. ఎర్రదీపం వెలిగింది.
మూడో, అని
ఊపిరి బిగబట్టాను.
గాజు అవతల ఇంజనీరు తల ఎత్తి చూశాడు.
ఝానిబెక్ వేలు గడియారం మీద కొడుతోంది.
నేను ఇంకా వదల్లేదు.