నలభై ఒకటో లంకె

సోర్వే రేవు నోటికి అడ్డంగా
మూడువందల పన్నెండు లంకెల గొలుసు.
పొద్దు గూకితే పైకి లాగేది నేనే,
తెల్లారితే కిందికి వదిలేది నేనే.
మా నాన్న అరచేతులే నాకు వచ్చిన ఆస్తి:
వాటిమీద రేఖల్లేవు, కాయలే.

గొలుసు తీసెయ్యమనే వాళ్లకి
ఊరు పెట్టిన పేరు నోరుతెరుపువాళ్లు.
వెక్కిరింతగా పెట్టినదాన్నే
వాళ్లు జెండామీద కుట్టుకున్నారు,
తెరిచిన నోరు, లోపల ఒక పడవ.
పళ్లు మాత్రం బొమ్మలో వెయ్యలేదు.

వాళ్ల సభ పీపాలు చేసే ఉల్బెన్ కొట్టంలో.
తారు వాసన, ఎండు కణవల వాసన,
అప్పులవాళ్లూ అప్పిచ్చినవాళ్లూ
మొదటిసారి ఒకే బల్లమీద మోచేతులు.
మిరియాల ఇస్కెరా లేచింది.
ఉపన్యాసం చెప్పలేదు.
ఒక నిమ్మకాయ బల్లమీద పెట్టింది.
"సముద్రం మూసిన ఏడాది
మీ ఇంట్లో ఎవరి చిగుళ్లు ముందు నెత్తురోడాయి?"
అంతే అడిగింది.
ఎవరూ నోరు తెరవలేదు.

నాకు మా తొవ్వీ గుర్తొచ్చింది.
ఏడేళ్ల పిల్ల.
పాలపళ్లు ఊడే వయసే కదా అనుకున్నాం,
ఎన్ని ఊడినా.

గొలుసు పక్షం పెద్ద ద్రుమ్మెల్ తాత
మర్నాడు వలలు ఆరేసే బండమీద నిలబడి,
"ఓడ ఎక్కినవన్నీ ఓడ దిగుతాయిరా,
ఎలుకా దిగుతుంది, వడ్డీ దిగుతుంది,
ఎవడి మొహమో ముద్రేసిన నాణెం దిగి
మీ మొహం ఖరీదెంతని అడుగుతుంది" అన్నాడు.
అబద్ధం చెప్పలేదు తాత.
నిజం ఇద్దరి దగ్గరా ఉంటే
ఓటు వేసేవాడికి నిద్రుండదు.

మా దగ్గర ఓటంటే ముడి.
తెల్లవారుజామున పొడవాటి తాడొకటి
గడపగడపకీ తిరుగుతుంది.
గొలుసు ఉండాలంటే కుడిముడి, పోవాలంటే ఎడమముడి.
నా వంతొచ్చేసరికి తాడు తడిసి ఉంది,
ఎవరి చెమటో, ఎక్కడి మంచో.
నా కూడు కుడిముడిలో ఉంది.
ఎడమముడి వేశాను.
వేళ్లకి అలవాటు లేక రెండుసార్లు జారింది.

ఏడు ముళ్ల తేడాతో నోరుతెరుపువాళ్లు గెలిచారు.
రాత్రంతా పీపాలమీద దరువు.
నోరు మంచిదైతే ఊరు మంచిదని
తాగినవాళ్లంతా సామెత అరిచారు.
నేను చక్రానికి చేపనూనె పూసి
కూర్చున్నాను, చివరిసారి కదా అని.

మూడోజాము దాటాక ఇస్కెరా వచ్చింది,
వెంట లెక్కలపుస్తకంతో ఒక కుర్రాడు.
"గొలుసు కరిగించకు.
రేవు అందరిదీ, కాదనను.
కానీ వచ్చే ఓడ ఆగాలిగా, రుసుం కట్టడానికి.
మన పక్షం ఓడలకి ముందే చీటీ ఇస్తాం,
చీటీ చూసి దించు. జీతం రెట్టింపు."
ఆమె గొంతులో మోసం లేదు.
అలసట ఉంది. పదకొండేళ్లు గెలవని మనిషి
ఒక్క రాత్రి గెలిస్తే ఉండే తొందర ఉంది.
పోతూపోతూ నిమ్మకాయ నా గూట్లో పెట్టింది.
అదే కాయ. తొడిమ దగ్గర ఎండింది.

ఇవాళ మొదటి ఓడ.
గంధం చెక్కలు, అద్దపు గిన్నెలు, సూదులు.
చీటీ ఉంది, దించాను. మళ్లీ లాగాను.
దాని వెనక చీటీ లేని చిన్న పడవ,
చుక్కాని దగ్గర ఒక ముసలామె,
గంపల్లో పసుపుపచ్చగా ఏదో.
ఆగమని సైగ చేశాను. ఆగింది.
అలలమీద ఊగుతూ
నావంక చూస్తోంది, తిట్టకుండా.

నలభై ఒకటో లంకె
ఒకసారి నీళ్లపైకి వచ్చి మునిగింది.
లోపల తుప్పు తినేసి గోరంత మిగిలింది.
మా నాన్నకి తెలుసు, నాకు తెలుసు.
గొలుసు ఎలా ఉందని కొత్తవాళ్లు అడిగితే
గట్టిగా ఉందని చెప్పాను.

చక్రం తిప్పుతున్నాను,
కొంచెం బిగువుగా,
రోజూకన్నా కొంచెం బిగువుగా.