తరుగు

ఎనుమాముల యార్డు గేటు పక్క
హమాలీ సంఘం రేకుల గది.
ల్యాప్‌టాప్ కింద రెండు ఇటుక పెళ్లలు, పైన కిర్రుమనే ఫ్యాను.
మార్చి నెల. మిర్చి ఘాటుకు
తెర మీది అక్షరాలు సుత తుమ్మేటట్టున్నయి.

నేనొచ్చింది ఒక్క పనికి.
ఎవరెన్ని బస్తాలు మోసిండ్రో, ఎంత రావాలో
పొద్దుమీకి ఎవరి ఫోన్ల వాళ్లు చూసుకునే సైటు.
ఇన్నేండ్లు ఆ లెక్క
గుమాస్తా చెవి మీది పెన్సిలుకు మాత్రమే తెలుసు.

పేజీలు రాసిన. చిల్లర చిల్లరగ నూట ఇరవై ఫైళ్లు.
అన్నిటిని కలిపి మూట కట్టే పనిముట్టు కావాలె.
ప్యాకేజీ మేనేజర్‌కు ఒక్క వరుస రాసి
ఎంటర్ కొట్టిన.

ఒక్కదాన్ని పిలిస్తే
ఎనిమిది వందల నలభై మూడు దిగినయి.
పెండ్లికి మేనమామను పిలిస్తే
ఆయన వియ్యంకుడు, వియ్యంకుని తోడల్లుడు,
తోడల్లుని ఊరు ఊరంత
డీసీఎం ఎక్కి వచ్చినట్టు.

వెనక బల్ల మీద ఓదెలు తాత
బీడీ ముట్టియ్యక పట్టుకొని చూస్తున్నడు.
భుజం మీద కొక్కెం. ఆ భుజం రెండోదానికన్న రెండు వేళ్లు కిందికి.
"గివన్ని ఎవలు మోస్తున్నరు బిడ్డా?"
"గాలిల వస్తయి తాతా."
"గాలిలకు ఎవలెత్తిండ్రు?"

జవాబు తెర మీదనే ఉన్నది,
ఆఖర్న, సన్నటి అక్షరాలల్ల.
నూట ఆరు పొట్లాలు చందా కోసం చూస్తున్నయట.
చదివి చెప్పిన:
ఎక్కడెక్కడి మనుషులో, జీతం లేకుంట రాసి పెట్టిండ్రు,
ఎవలన్న ఇస్తే తీసుకుంటరు.

తాత చాలసేపు ఏమనలే.
"ఎత్తకముందు మాట్లాడుకోవాలె.
దించినంక అడిగితే ఎవడిస్తడు?" అన్నడు.
బీడీ చెవి మీద పెట్టుకున్నడు.

మూట కట్టుమన్న. కట్టింది, పదకొండు సెకండ్లల్ల.
అక్కెరలేనిదాన్ని దులిపేసిన అని
పచ్చరంగుల గొప్ప చెప్పుకున్నది.
ఎక్కించిన, ఏ దేశంలనో
కిరాయికి తీసుకున్న మిషను మీదికి.
మధ్యల కరెంటు పోయింది. ఫోను హాట్‌స్పాటు మీద నెట్టుకొచ్చిన.

"తెరువు తాతా."
పగిలిన అద్దం మీద బొటనవేలు నాలుగుసార్లు రుద్దిండు.
పేజీ వచ్చింది. గీతలొచ్చినయి, అంకెలొచ్చినయి.
పేర్లుండేకాడ
ఖాళీ డబ్బాలు. వరుసగ, చదరం చదరంగ,
ఎత్తుకపోయినంక మిగిలిన నెట్టు జాగలోలె.

తెలుగు అక్షరాల ఫాంటును
ఎవలూ వాడుతలేరనుకొని దులిపేసిందది.
ముప్పై రెండు మంది మనుషులు,
దండెబోయిన నుంచి వేల్పుల దాక,
దుమ్ముల కలిసిండ్రు.

"తరుగు తీసిందా?" అన్నడు తాత.
కోపం లేదు గొంతుల. అలవాటున్న మాట.
క్వింటాలుకు ఇంత అని రైతు దగ్గర తీస్తరు,
సంచి చినిగిందని హమాలి దగ్గర తీస్తరు,
గిప్పుడు గిది పేర్లకాడ తీసింది.

సెట్టింగుల ఫైలు తెరిచిన.
ఈ అక్షరాలు ముట్టుకోవద్దని
ఒక్క వరుస రాసిన. అంతకు అరగంట వెతికిన,
అది వేరే సంగతి.
మళ్లా కట్టిన. మూట కొంచెం బరువైంది.
"బరువెక్కినాది" అని పసుపు రంగుల గునిగింది.
గునగనీ.

మళ్లా తెరిచిండు.
దండెబోయిన ఓదెలు: నూట పద్నాలుగు.
తన పేరును చూసి నవ్వుతడనుకున్న.
అంకెను చూసి ఆగిండు.
వేళ్ల కణుపులు ఎంచుకున్నడు, పెదవులు కదిలినయి.

"నూట పదహారు బిడ్డా.
నాలుగో లారీకాడ రెండు
సందుల పడ్డయి, నేనే ఎత్తిన."

ఆ అంకె గుమాస్తా పుస్తకంలకెల్లి వచ్చింది.
మూట కట్టుడైతే నేర్చుకున్న గని
ఎంచుడు ఎవల చేతులున్నదో అడగలే.

బయట ఐదో లారీ హారను.
తాత కొక్కెం సర్దుకొని లేచిండు.
నేను ఫైలు మళ్లా తెరిచి
అంకె పక్కన ఇంకో గడి గీసిన:
మోసినోడు చెప్పిన లెక్క.