ఊపిరి తీసుకునే చోటు

త్బిలిసి నుంచి తెచ్చిన ఫారంలో
ముప్పై ఒక్క ప్రశ్నలున్నాయి.
మంత్రిత్వశాఖ ముద్ర మీద
దారిలో ఒలికిన టీ మరక.
ఖ్వారమ్జే అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని
మాంసం రొట్టె అంచులు నొక్కుతూ
కానీ, అడుగు, అంది.

మొదటిది: పాట పేరు?
పేర్లుండేది వేటకుక్కలకీ పిల్లలకీ.
పాటని పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?
ఎత్తుకుంటే అదే వస్తుంది.

ఆరోది: అర్థం?
అర్థం తెలిసుంటే
మాట్లాడేసి ఊరుకునేవాళ్ళం, పాడేవాళ్ళమా?

తొమ్మిదోదాని దగ్గర నేనే తడబడ్డాను.
హక్కుదారు: వ్యక్తి, సంఘం, ప్రభుత్వం.
ఒక్కదానికే టిక్కు పెట్టాలి.
ఆమె పిండిచేతులు దులుపుకుని
కిటికీలోంచి రాతి బురుజు చూపించింది.
అది మాదే. సాయంత్రం దాని నీడ
పక్కింటి దొడ్లో పడుతుంది.
ఆ నీడ ఎవరిది? రాసుకో.

రాసుకోవడానికి గడి చాల్లేదు.

పద్నాలుగు: తర్వాతి తరానికి అందించే మార్గం?
బడి, వేదిక, డిజిటల్.
ఆకలి, అంది.
కోతలప్పుడు రొట్టె రావడం ఆలస్యమైతే పాడేవాళ్ళం.

నా దగ్గరా ఒకటుంది, అన్నాను, కొంచెం గర్వంగానే.
ప్రభుత్వ భాండాగారంలో దొరికిన రీలు,
నంబరు నాలుగు వందల పద్దెనిమిది.
చీటీ మీద: పేరు తెలియని రైతులు, ముగ్గురు.
లాప్‌టాప్ తెరిచాను.
కింది గొంతు లేచింది, బండ కింద నీళ్ళలా.
మా బిమూర్జా, అంది.
నడిమి గొంతు.
గెలాఖ్సాన్. వాడికారోజు జలుబు.
పైగొంతు వచ్చేసరికి నవ్వింది.
పదహారేళ్ళు నాకు. రైతునట!

ముప్పై సెకన్లకి ఆగిపోయింది.
మిగతాదానికి దరఖాస్తు, రుసుము,
పరిశోధకులైతే సగం.
నా గొంతు నేను వినడానికి
నేనేం చదవాలమ్మా?

అది నా ఫారంలో లేదు.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడిగినా పెట్టని అమ్మ దగ్గర
ఉద్యోగిని నేను.

అప్పుడామె, ఆగినచోట అందుకుంది.
ఒక్కతే. పైగొంతు మాత్రమే.
మెట్లు తీసేసిన మిద్దెలా
పాట గాలిలో నిలబడింది.
మనవరాలు తమ్తా ఫోను ఎత్తి పట్టుకునుంది.
చూశాను.
చూడనట్టు పెన్నుకి మూత పెట్టాను.

రాత్రంతా మంచు. నెట్‌వర్కు రెండు గీతలు.
తెల్లారేసరికి
పోతి రేవులో క్రేను నడిపేవాడెవడో
నడిమి గొంతు కలిపాడు.
వార్సాలో బేకరీ పిల్ల ఒకతె
పిండి డబ్బా మీద దరువేసింది.
ఇంకెవరో, పేరు లేదు,
మొహం ఉండాల్సిన చోట గొర్రె బొమ్మ,
బిమూర్జా లోతుకి దిగబోయాడు.

ఇది దొంగతనమా, పంపకమా,
పదిహేడో ప్రశ్న మీద వేలు పెట్టి
నేను ఆలోచిస్తున్నాను.
అవ్వ ఫోన్ని చెవికి ఆనించుకుని
మళ్ళీ పెట్టు, మళ్ళీ, అంటోంది.
నాలుగోసారికి కళ్ళు తెరిచింది.

ఈ గొర్రె తప్పుచోట ఊపిరి తీస్తున్నాడు.
బిమూర్జా అక్కడ తీయడు, అక్కడ నేను తీయాలి.
ఇద్దరమూ ఒక్కసారే తీస్తే పాట తెగుతుంది.
ఒకరు తీసుకునేటప్పుడు
మిగతా ఇద్దరూ మోయాలి.
మా నాన్న చెవి మెలిపెట్టి నేర్పాడు.
ఇందులోంచి చెవి ఎలా మెలిపెట్టాలి?

తమ్తా నా వైపు చూసింది.
నేను ఫారం వైపు.

ముప్పై ఒకటోది: సంతకం.
పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు.
దారిలో తినమని వేడి రొట్టె ఇచ్చింది,
చుట్టడానికి చేతికందిన కాగితం తీసుకుని.
హక్కుదారు గడిలోకి నెయ్యి దిగింది.

దిగువకి వచ్చే వాన్‌లో డ్రైవరు
స్టీరింగు మీద వేళ్ళాడిస్తూ పాడుకుంటున్నాడు.
అదే పాట. అదే తప్పుచోట ఊపిరి.
ఓ పక్క లోయ, ఓ పక్క కొండచరియ.
అతని చెవి
నా చేతికి అందేంత దూరంలో ఉంది.