కరెంటు పోయిన చోట

దర్గా సర్కిల్ దాటినాక సైకిల్ అంగడి మిద్దె మీద
ఒకే ఒక్క గది, ఏసుపాదం రికార్డింగ్ సెంటర్.
గోడల నిండా కోడిగుడ్ల అట్టలు మేకులు కొట్టి
‘స్టూడియో అంటే ఇదే’ అనేవాడు.
అరవై నిమిషాల క్యాసెట్టు నింపితే పద్దెనిమిది రూపాయలు.
నా వారం కూలీలో అది ఎంతో
మా యమ్మకు తెలీదు.

చిత్తూరంతా సినిమా పాటలు నింపించుకుంటా ఉంటే
నేనొక్కణ్ణే ఆ పెట్టె అడిగేది.
వేలూరు ఆసుపత్రి వదిలి తన దేశం పోతా పోతా
ఒక డాక్టరమ్మ వేలం పెట్టిన సామాన్లలోది.
కుట్టుమిషను కోసం కొట్టుకున్నారంట జనం,
రికార్డుల పెట్టె మాత్రం నలభైకే వచ్చిందంట.

అందులో ఒక అట్ట మీద నలుగురు మగోళ్ళు,
దువ్వెన మొహం చూడని జుట్లు,
తడిసిన ఇటుక గోడకు ఆనుకొని
అప్పులోడు ఏ సందులోంచి వస్తాడోనన్నట్టు పక్కకు చూస్తా.
నా ఇంగ్లీషు ఏడో తరగతి గడప దాటలేదు.
అయినా ఆ గిటారు మొదటి దెబ్బకే
నా వెన్నులో ఎవరో అగ్గిపుల్ల గీసినారు.

వైరు చెడిపోయి, స్పీకరు ముందర మైకు పెట్టి ఎత్తినాడు ఏసుపాదం.
నాలుగో పాటలో, రెండో చరణం మధ్యలో,
అరుస్తా అరుస్తా ఉన్నోడి గొంతు
గిలక మీద జారిన చేదలా బావిలోకి దిగిపోతుంది.
ఆడనుంచి నిశ్శబ్దం.
కింద వీధిలో పాలోడి బెల్లు, రెండుసార్లు.
‘పోయెరా నాయినా’ అని ఏసుపాదం గొంతు.
మళ్ళీ లోతుల్లోంచి మూలుగుతా, వణుకుతా,
మెట్టు మెట్టు పైకెక్కి
పాడేవాడు తన గొంతు తాను తొడుక్కుంటాడు.

‘కరెంటు పోయింది. టేపేమో బ్యాటరీ మీద తిరగతానే ఉండాది.
ఏం చేసేది, రెండ్రూపాయలు తగ్గించి ఇయ్యి’ అన్నాడు.

ఆ ఎండాకాలం మామిడి గుజ్జు ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టులో
బాయిలరు పక్కన కొక్కేనికి టేపు తగిలించినా.
బెంగళూరా కాయలు కొండలు కొండలుగా దిగతా ఉంటే
చెక్కు తీసే ఆడోళ్ళు మొదట ‘ఈ కుక్కల కొట్లాట ఏందబ్బా’ అన్నారు.
జూన్ నెలకు వాళ్ళే ఆ చోటు కోసం కాచుకునేవాళ్ళు.
గొంతు జారే ముందు కత్తులు ఆగేవి.
‘పెండ్లాం పోయుంటుంది పాపం’ అనేది కుప్పమ్మక్క
పసుప్పచ్చని మోచేత్తో ముక్కు తుడుచుకుంటా.
పాలబెల్లు మోగితే ఎవురో ఒకరు ‘తెల్లారింది లే’ అనేవాళ్ళు,
అప్పటికి రాత్రి రెండే.

మొన్న మా తమ్ముడి మనవరాలు లాస్య
ఫోన్లో వెతికి పట్టుకొని నా చెవుల్లో పెట్టింది.
దుమ్ము దులిపి, గీతలు తుడిచి, కొత్తగా కడిగిన రికార్డు.
డ్రమ్ము వెనక ఇంకో డ్రమ్ముంది, ఇన్నేళ్ళూ నాకు తెలియనే తెలీదు.
ఎవరో ఊపిరి పీల్చేది కూడా వినబడింది.
బాగుండాది. అబద్ధం చెప్పను.
నాలుగో పాట, రెండో చరణం,
కండ్లు మూసి దిగడానికి కాలు పెడితే
మెట్టు లేదు.
పాట నేరుగా నడిచిపోయింది
టోల్‌గేటు రోడ్డు మాదిరి.
మాటలకు అర్థం కూడా చదివి చెప్పింది పాప.
ఎవురూ చావలేదంట,
కొత్తగా కొన్న కారు గురించంట.
కుప్పమ్మక్క ఉంటే ఏమనేదో.

రాత్రి కాట్పాడికి ఫోను చేసినా.
ఏసుపాదానికి ఎడమ చెవి పూర్తిగా పోయింది,
కుడి చెవికి అరిచి చెప్పినా, ఆ పాట, ఆ కరెంటు.
శానాసేపు మాట్లాడలేదు.
‘కరెంటు పోలేదురా’ అన్నాడు,
‘టీ గ్లాసు కోసం లేస్తే కాలు తగిలి ప్లగ్గు ఊడొచ్చింది.
అప్పుడు చెప్తే మళ్ళీ మొదట్నుంచి ఎత్తమంటావని...
రెండ్రూపాయలు తగ్గించినా గదా.’

పెన్సిలు పెట్టి బిగించి
ఆ టేపు మళ్ళీ వేసినా.
నిజమే. చేద జారే ముందర
అడుగున చిన్నగా ఒక చప్పుడుంది,
చెప్పులేని మడమ చప్పుడు.
నలభై ఏండ్లు దాన్ని నేను
డ్రమ్మనుకున్నా.