తవుడు

మందస కొండ దిగువన జీడితోటలో
పదహారు పంజరాలు, ముప్పై ఒక్క ఎర్రభుజం చిలుకలు,
ఒక రిజిస్టరు.
రిజిస్టరు నాది.

కాలి కడియం మీది అంకె చూసి
ఎవరికెవరు ఏమవుతారో రాస్తాను.
మొదట ఏడే.
తుపానుకి తొర్రల చెట్లన్నీ ఒరిగిపోయాక
బుట్టల్లో ఏరుకొచ్చిన ఏడు.
అందులో ఒకటి సగం తోటకి తాత,
ఏ గూట్లోకి తొంగిచూసినా దాని ముక్కే.
రెండు మాత్రం పిల్లనైనా మిగల్చకుండా పోయాయి.
ఆ పేజీలు తిప్పేటప్పుడు
వేలు కాసేపు ఆగుతుంది.

పద్నాలుగుకి ఇరవై రెండంటే ప్రాణం.
ఒకదాని తల ఒకటి దువ్వుకుంటాయి,
జామముక్క నోటికందించుకుంటాయి.
తల్లులు వేరు. తండ్రి ఒకడే.
"జోడు కుదిరిపోనాది గదమ్మా,
పిట్టలకి వొరసలేటి?" అన్నాడు లక్కాయి,
ఏ చెట్టుకి ఎంత ఎత్తున తొర్రుండేదో
ఇప్పటికీ చెప్పగల సవర ముసలాయన.
నేను మధ్యలో రేకు దించాను.
మూడు రోజులు ఇరవై రెండు గింజ ముట్టలేదు.
రేకు గీకే చప్పుడు
క్వార్టర్సు దాకా వచ్చేది.

తిట్టుకోనీ.
మా అమ్మ మా నాన్నకి సొంత అక్క కూతురు.
పొలం చీలదని, పిల్ల కళ్ళముందుంటుందని
ముచ్చటపడి చేసిన పెళ్ళి.
నాకు ముందు నలుగురు.
ఒకడికి మెడ నిలవలేదు. ఒకతి పాలు తాగలేదు.
మిగతా ఇద్దరి సంగతి అమ్మ చెప్పదు.
ఐదోదాన్ని నన్ను
చేటెడు తవుడుకి పొరుగావిడకి అమ్మేసి
మళ్ళీ తెచ్చుకున్నారు.
అందుకే తవిటమ్మని.
దిష్టి అన్నారు, గాలి అన్నారు,
మా ఇంట్లో ఎవరూ రిజిస్టరు రాయలేదు.

నిరుడు పలాసలో రైలు దిగాడు నలభై ఒకటి,
కన్నాల పెట్టెలో, ఎక్కడో అవతలి రాష్ట్రం నుంచి.
కూత వేరు.
మావన్నీ మెడ వంచి విన్నాయి, యాస పట్టనట్టు.
ఇరవై రెండు వాడి కాలివేలు కొరికింది.
రెండుసార్లు పెట్టినవీ వట్టి గుడ్లే.

ఈ మాఘంలో, ఒక రాత్రి,
సెల్‌ఫోను వెలుతురు మీద మూడోసారి గుడ్డు పెట్టి చూస్తే
లోపల
ఎర్రటి సాలీడు కాళ్ళు.
లక్కాయిని లేపాను. చాలాసేపు చూశాడు.
"బతుకుతాదేటి?"
"ఇప్పుడే చెప్పలేం."

తెల్లారి గూడుపెట్టె తడిమితే
రంపప్పొట్టు కింద చిటికెడు తవుడు.
ఎవరు పెట్టారని అడగలేదు.
రిజిస్టరులో దానికి గడి లేదు.
రేకు అవతల
పద్నాలుగు ఇంకా గీకుతూనే ఉంది.