మూడు పీతల బీరు

కోళ్ల గూటి మీది రేకు గాలికి లేచిపోతోందని
నిన్న తిరగేసి కట్టబోతే
లోపలివైపు నుంచి ఒకాయన నన్ను చూసి నవ్వాడు.
నలభై యేళ్లుగా కోళ్లని చూసి నవ్వుతున్నాడు కాబోలు.
గెడ్డం దాకా తుప్పు తినేసింది,
నవ్వు దగ్గర ఆగింది.

హార్బరు గేటుకెదురుగా మహంతి మేస్త్రీ కొట్లో
నాకప్పుడు పదమూడేళ్లు. రోజుకి రూపాయిన్నర, టీ వేరు.
బొమ్మ మేస్త్రీది. అక్షరాలు ఆయన తమ్ముడివి.
నాకు అప్పజెప్పింది నురగ.

"నురగంటే తెలుపనుకుంతన్నావేటి గుంటడా?
వొట్టి తెలుపైతే అది సున్నం.
ఆవగింజంత పసుపు పడాల,
కింద నీడకి సీమకాలంత నీలం."
చెప్పినవాడు జన్మలో బీరు చుక్క ముట్టలేదు.
పొద్దున్నే సైకిలిచ్చి నన్ను పెదజాలరిపేట తోలేవాడు,
తెప్ప కింద నలిగే అలని చూసి రమ్మని.
నే చూసొచ్చిన సముద్రమే
సాయంత్రానికి సీసా మూతి దగ్గర పొంగేది.

కంపెనీ పంపిన నమూనాలో
కోటేసుకున్న దొర, ఆయన కుక్క, వెనకాల మంచుకొండ.
మేస్త్రీ చాలాసేపు చెవిలో పుల్ల తిప్పుకున్నాడు.
"మంచుకొండేటి, మనకి ముక్కుకొండ ఉండగా?"
డాల్ఫిన్స్ నోస్ మొత్తాన్ని
ఒక రాకాసి మనిషి ముక్కు చేశాడు,
లైట్‌హౌస్‌ని దాని మీది మొటిమ.
ఆ ముక్కు గ్లాసులో మునిగితే నురగ పొర్లి
ఓడలు పక్కకి ఒరుగుతాయి,
సరంగు గొడుగు విప్పుకుంటాడు.
అడుగున మూడు పీతలు.
ఒకటి డెక్కతో మూత తీస్తోంది,
ఒకటి బిల్లు రాస్తోంది,
మూడోది అడ్డంగా ఇంటికి పోతోంది,
"తాగలేదు, నా నడకే అంత" అనుకుంటూ.

ఆ మాట ఊరెక్కింది.
పూర్ణా మార్కెట్టులో తూలిన ప్రతివాడూ అదే అన్నాడు.
కానిస్టేబులు ఆపితే అదే,
అర్ధరాత్రి తలుపు తీసిన పెళ్లానికి అదే.
తలుపు తీసినవాళ్లకి అది నవ్వులా వినపడిందో లేదో
మాకు తెలీదు. మేం నిచ్చెన మీదున్నాం.

సారా వద్దని ఆడవాళ్లు కదిలిన యేడు
కాన్వెంటు జంక్షన్ గోడ మీది పెద్ద బొమ్మ దగ్గరికి
ఇరవైమంది సున్నం బకెట్లతో వచ్చారు.
ముందు మైలపల్లి కాసులమ్మ,
చేపల గంపలో కుంచెలు.
ముక్కు పోయింది. గ్లాసు పోయింది.
ఓడలు, గొడుగు, బిల్లు రాసే పీత.
మూడోదాని దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది.
చదువు రాదు. ఏం రాసుందని పక్కామెనడిగింది.
విని, కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నవ్వింది,
కొంగు నోట్లో కుక్కుకుని, నడుం వొంచి.
ఆ నవ్వు ఎక్కడో ఏడుపులోకి జారి
మళ్లీ పైకి తేలింది.
"మావోడూ ఇదే కూత కూసీవోడు.
దీన్నొగ్గీండర్రా. ఇదొక్కటే నిజిం సెప్పింది."

పదేళ్లు ఆ తెల్లగోడ మీద
ఒక్క పీత, ఎక్కణ్నుంచో తెలీకుండా,
అడ్డంగా ఇంటికెళుతూనే ఉంది.

మేస్త్రీ ఒకేసారి వచ్చి చూశాడు.
సున్నాన్ని గోటితో గీకి
"పసుపు కలపలేదు" అన్నాడు.
అంతే.

ఇప్పుడీ రేకుని బీచ్ రోడ్డు కాఫీ షాపు కుర్రాడు అడుగుతున్నాడు,
ఆరువేలిస్తాట్ట.
"తుప్పు తుడవకండి అంకుల్, దానికే డబ్బులు" అన్నాడు.
కోళ్లకి వేరే రేకు చూడాలి.

ఇచ్చేముందు, ముక్కు కింద
అరచెయ్యంత మిగిలిన నురగని
తడిగుడ్డతో తుడిచి ఎండలోకి వొంచాను.
ఆవగింజంత పసుపు ఉంది.
నీలమే కనపడలేదు,
రేకులో పోయిందో,
నా కళ్లలోనో.